పాస్‌వర్డ్ అడిగే ప్రేమ

[తెరపై: సాయంత్రం వేళ గుంటూరు బ్రాడీపేట. ట్యూషన్లు ముగించుకుని వస్తున్న ఇంటర్ విద్యార్థులు.]

నమస్కారం. 16, 17 ఏళ్ల వయసులో ఒక అబ్బాయికీ అమ్మాయికీ మధ్య కలిగే ఇష్టం తప్పా ఒప్పా అన్నది ఈ వీడియోలో తేల్చబోయే విషయం కాదు. ఆ ఇష్టం పేరుతో, ఫోన్ ద్వారా ఒకరి రోజంతటినీ మరొకరు గుప్పిట్లో పెట్టుకోవడం ఎలా మొదలవుతుందో, అది ఇంట్లోవాళ్లకు తెలియకుండా నెలల తరబడి ఎందుకు సాగుతుందో, అందులోంచి బయటపడే దారులేమిటో చెప్పడానికే ఈ ప్రయత్నం. గుంటూరు, విజయవాడల్లో చదువుకుంటున్న పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ ఇద్దరూ చూడవలసిన విషయమిది.

[తెరపై: వాట్సాప్ సంభాషణ. పేర్లు, ఫొటోలు కనిపించవు.]

ఒక ఉదాహరణ అనుకుందాం. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఇల్లు కొరిటెపాడులో, సాయంత్రం ట్యూషన్ బ్రాడీపేటలో. ఇంట్లోంచి బయలుదేరిన ప్రతిసారీ, తనను ప్రేమిస్తున్నానంటున్న అబ్బాయికి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్, అంటే తను ఎక్కడుందో ఎప్పటికప్పుడు చూపే మ్యాప్, పంపాలి. దాన్ని 15 నిమిషాలకో, గంటకో, 8 గంటలకో పంచుకునే వీలుంటుంది. అతడు ఎప్పుడూ 8 గంటలదే పెట్టమంటాడు. ఆ రోజు ట్యూషన్ వదిలాక స్నేహితురాలితో కలిసి జిరాక్స్ షాపు దగ్గర ఆగింది. ఫోన్ బ్యాగులో ఉంది. తీసి చూసేసరికి వరసగా మెసేజ్‌లు: “అక్కడెందుకు ఆగావ్?”, “ఆన్సర్ చెయ్”, “పక్కన ఎవరున్నారు?”, “ఫొటో తీసి పంపు.” ఆమె చేతిలోని నోట్సు, షాపు బోర్డు, స్నేహితురాలు అన్నీ కనిపించేలా జాగ్రత్తగా ఒక ఫొటో తీసి పంపింది. వెంటనే జవాబు: “సరే, జాగ్రత్తగా ఇంటికెళ్లు. నా బెంగంతా నీ గురించే.”

ఈ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. తిట్టి ఊరుకుంటే ఆ అమ్మాయికి కోపం వచ్చేది, బహుశా మాట్లాడటం మానేసేది. కానీ ప్రతి నిలదీత వెనకా ఒక లాలింపు ఉండటం వల్ల, తనను అనుమానిస్తున్నారన్న బాధ కంటే, తన కోసం ఒకరు ఇంతగా తపిస్తున్నారన్న సంతోషమే ముందు కలుగుతుంది. ఆ తరువాత ఒక్కొక్క కోరికా వస్తుంది. రాత్రి 11 దాటాక ఆన్‌లైన్‌లో ఎందుకున్నావని అడుగుతాడు. క్లాసులో అబ్బాయిలందరినీ ఇన్‌స్టాగ్రామ్‌లో అన్‌ఫాలో చేయమంటాడు, డీపీ తీసేయమంటాడు, ఆఖరికి “మన మధ్య దాపరికాలెందుకు, పాస్‌వర్డ్ చెప్పు” అంటాడు. అడిగింది ఇవ్వకపోతే అలక, ఇస్తే మరో కోరిక. అడిగేది అమ్మాయి, ఇచ్చేది అబ్బాయి అయిన సందర్భాలూ ఉంటాయి. అబ్బాయిలు సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు. అలాగే, “నీ అమ్మాయి ఎక్కడుందో నీకే తెలియదా?” అని స్నేహితులు ఎగతాళి చేయడం వల్ల నిఘా పెట్టడం మొదలుపెట్టే అబ్బాయిలూ ఉంటారు.

[తెరపై: ఇంట్లో టేబుల్ మీద ఫోన్. ఒక పెద్దవారి చేయి దాన్ని అందుకుంటుంది.]

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట, కష్టంగా అనిపించినా, చెప్పక తప్పదు. మన ఇళ్లలో ఆడపిల్ల ఫోన్‌ను నాన్న చూస్తారు, అన్న చూస్తాడు, ఊరి నుంచి వచ్చిన మేనమామ కూడా చూస్తారు. ఎవరూ ఆమెను అడగరు. తన ఫోన్‌ను ఎవరైనా తెరిచి చూడటం మామూలేనని చిన్నప్పటి నుంచీ అలవాటైన పిల్లకు, ప్రేమిస్తున్నానన్న వ్యక్తి అదే పని చేస్తే అందులో తప్పేముందో తోచదు. పైగా విషయం ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు: ఫోన్ లాక్కుంటారు, ట్యూషన్ మాన్పిస్తారు, సంబంధాలు చూడటం మొదలుపెట్టినా ఆశ్చర్యం లేదు. “మీ నాన్నకు చెప్పేస్తాను” అన్న ఒక్క మాటతో ఆమెను లొంగదీసుకోగల బలం అతడికి దొరికింది ఈ భయంలోంచే. సాంకేతికత అతడికి పనిముట్టు మాత్రమే.

[తెరపై: ఫోన్ సెట్టింగులు, ఒక్కొక్కటిగా.]

ఆ పనిముట్టును ఎలా పట్టుకోవాలో ఇప్పుడు చూద్దాం. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైజెస్’ అన్నచోట మీ ఖాతా ఇంకా ఏయే పరికరాల్లో తెరిచి ఉందో కనిపిస్తుంది. ఒక ఖాతాను ఫోన్‌తో పాటు మరో నాలుగు పరికరాలకు కలపవచ్చు; అన్‌లాక్ చేసిన ఫోన్ కాసేపు చేతికి దొరికితే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆ పని పూర్తి చేయవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ, గూగుల్ ఖాతాలోనూ లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్‌ను మనం ఆపేంతవరకూ పంచుకునే ఏర్పాటు ఉంది కనుక, ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయింది ఇంకా నడుస్తుండవచ్చు. ఇంకొకటి చాలామందికి తట్టదు. మీ ఖాతాను మొదట్లో తెరిచిపెట్టింది అతడే అయితే, రికవరీ మెయిల్, ఫోన్ నంబరు, అంటే పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతాను తిరిగి తెరవడానికి ఇచ్చేవి, అతడివే అయి ఉండవచ్చు. వాటిని మార్చకుండా పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా మళ్లీ ఖాతా అతడి చేతికే పోతుంది.

అయితే ఇవన్నీ ఆవేశంలో ఒక్కసారిగా చేయకండి. దారి మూసుకుపోయిందని అతడికి వెంటనే తెలుస్తుంది, బెదిరింపులు పెరిగే సమయం సరిగ్గా అదే. ముందు ఆ మెసేజ్‌లను తేదీ, సమయం, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచండి. అక్కో, పిన్నో, లెక్చరరో, నమ్మకమైన ఒక్క పెద్ద మనిషికి విషయం చెప్పి, వారిని పక్కన పెట్టుకుని సెట్టింగులు మార్చండి.

[తెరపై: 1098, 112, 1930 నంబర్లు.]

ఫొటోల సంగతి వేరు. “నీ ఫొటోలు బయటపెడతాను” అని ఎవరైనా అన్నారంటే విషయం అలకలు, అనుమానాలు దాటి నేరంలోకి వచ్చినట్టే. 18 ఏళ్ల లోపువారి శరీర భాగాల చిత్రాన్ని, అది నిజమైనదైనా కల్పించినదైనా, లైంగిక ఉద్దేశంతో బయటపెడతానని బెదిరించడం పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 11వ సెక్షన్ కింద లైంగిక వేధింపు. దానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, ఒక స్త్రీ ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం కూడా వెంటపడి వేధించడం కిందికే వస్తుంది. మైనర్ల అశ్లీల చిత్రాలను పంచడమే కాదు, సేకరించడం, డౌన్‌లోడ్ చేయడం కూడా ఐటీ చట్టం 67బీ సెక్షన్ కింద నేరం. కనుక తల్లిదండ్రులారా, సాక్ష్యం పేరుతో ఆ చిత్రాన్ని బంధువులకు గానీ, అవతలి కుటుంబానికి గానీ దయచేసి పంపకండి.

పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కితే పిల్ల పరువు పోతుందన్న భయం మనలో చాలామందికి ఉంది. చట్టం దాన్ని ముందే ఊహించింది. పోక్సో కేసులో బాలిక వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లోనో, ఆమె కోరుకున్న చోటనో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి నమోదు చేయాలని 24వ సెక్షన్ చెబుతోంది. ఆమె పేరు, ఊరు, చదివే కళాశాల మీడియాలో వెల్లడించడాన్ని 23వ సెక్షన్ నిషేధిస్తోంది. అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఉండి, తల్లిదండ్రులు గుంటూరులో ఉన్నా ఇబ్బంది లేదు. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు; దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. పిల్లల సహాయానికి 1098, అత్యవసరమైతే 112, సైబర్ నేరాలకు 1930.

[తెరపై: తల్లీ కూతురూ పక్కపక్కన కూర్చుని ఉన్న దృశ్యం.]

మీ అమ్మాయి ఒక రాత్రి వచ్చి ఇదంతా చెప్పిందనుకోండి. ఆ పూట ప్రేమ గురించి విచారణ వద్దు. ఫోన్ లాక్కోకండి, అందులోనే సాక్ష్యం ఉంది. “చెప్పి మంచి పని చేశావు, చదువు ఆగదు, నేనున్నాను” అనండి, అన్నట్టే ఉండండి. ఆమె కళాశాలకు వెళ్లే రోజులు తగ్గాయంటే శిక్ష ఆమెకే పడినట్టు.

ఇక ఈ వీడియో చూస్తూ, జిరాక్స్ షాపు దగ్గర ఎందుకు ఆగావని అడిగినవాడిలో తనను తాను గుర్తుపట్టిన అబ్బాయికి. ఆమె ఖాతా నీ ఫోన్‌లో తెరిచి ఉంటే ఈ రోజే లాగౌట్ చెయ్యి, చేశానని ఆమెకు చెప్పు. ఇక లొకేషన్ పంపనక్కర్లేదని కూడా చెప్పు. ఆమె మెసేజ్ రాని గంటలో నీకు కలిగే ఆందోళనను ఆమె మీద పెట్టకుండా మరొకరితో పంచుకోవాలనిపిస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.