రిస్ట్ సపోర్ట్ కట్టుకుంటే టైమింగ్ కుదిరిపోతుందా?

నమస్కారమండీ. వైజాగ్‌లో బౌలింగ్ అంటే అందరికీ మధురవాడ క్రికెట్ స్టేడియమే గుర్తొస్తుంది గానీ, ఇవాళ మాట్లాడేది పిన్నులు పడగొట్టే బౌలింగ్ గురించి. మణికట్టుకి కట్టుకునే ఈ రిస్ట్ సపోర్ట్ కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపిందే, ముందే చెప్పేస్తున్నా. సైజులు, రంగులు, ధర మీరు ఈపాటికి చూసేసుంటారు, వాటి జోలికి పోను.

నా పేచీ డబ్బా మీది మాటతో. రిలీజ్ టైమింగ్, అంటే బాల్ వదిలే టైమింగ్, మెరుగవుతుందట! ఎలా అవుతుందండీ? టైమింగ్ ఉండేది కాళ్లలో.

కుడిచేతి వాటం, నాలుగడుగుల అప్రోచ్ (బాల్ వదిలేముందు వేసే నడక) అనుకోండి. కుడికాలు వేస్తూనే బాల్ ముందుకి చాపాలి. రెండో అడుగుకి అది కాలి పక్కకి దిగాలి, మూడో అడుగుకి వెనక పైకి చేరాలి. నాలుగోది ఎడమకాలి స్లైడ్, అంటే కాలు జారుతూ ఆగడం. ఆ కాలు ఆగుతుండగా బాల్ చీలమండ దాటాలి. ముందు బాల్ రంధ్రంలోంచి బొటనవేలు జారాలి, ఆ తర్వాతే మిగతా రెండు వేళ్లు.

బాల్ చాపడం ఆలస్యమైందా, కాలు ఆగిపోయినా బాల్ ఇంకా వెనకే ఉంటుంది. మరీ ముందే చాపితే బాల్ మీకంటే ముందొచ్చి, వేళ్లకి పట్టు దొరక్కుండానే జారిపోతుంది. అసలు చిక్కు మాత్రం మూడో అడుగులో. బాల్ పైన ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. ఆ క్షణం ఓర్చుకోలేక భుజంతో కిందికి లాగేస్తారు. చెయ్యి ఒంటికి అడ్డంగా తిరుగుతుంది, బాల్ దొర్లే దారి (లేన్) పక్కనున్న ఎడమ కాలవలోకి, అదే గట్టర్లోకి. దాని బరువుకి దాన్ని పడనివ్వండి, అంతే. 8 పౌండ్ల తేలికైన బాల్ ఏరుకుని బంతిలా విసిరే పెద్దవాళ్లకి ఈ ఓపిక రాదు, బరువు తెలిస్తేగా! క్రికెట్‌లో మోచెయ్యి 15 డిగ్రీలకి మించి చాపితే తప్పు. ఇక్కడ గట్టరే అంపైరు.

మరి ఇది దండగా? కాదు. చేతి వెనకున్న మెటల్ ప్లేటు బాగుంది. మణికట్టు వెనక్కి విరగదు కాబట్టి బాల్‌ని పిసికి పట్టుకోవాల్సిన పని తప్పుతుంది. పిసికితే బొటనవేలు ఇరుక్కుంటుంది, రిలీజ్ ఆలస్యమవుతుంది, బాల్ గాల్లోకి లేచి లేన్ మీద దబ్బున పడుతుంది.

కానీ అరచేతి కింద ఈ మెత్త చూడండి, ఇదిగో, వేలెడు మందం! ఒళ్లు మండేది ఇక్కడే. చెయ్యి బాల్ నుంచి పైకి లేస్తుంది, దాంతో బౌలింగ్ సెంటర్లో ఇచ్చే బాల్స్‌ రంధ్రంలో బొటనవేలు పూర్తిగా దిగదు. సగం వేలితో పట్టుకుంటే మళ్లీ పిసకడమే. ప్లేటుతో ఇచ్చింది మెత్తతో లాగేసుకున్నట్టు! అదృష్టం, వెల్‌క్రోతోనే అంటించారు. పీకి పక్కన పడేయండి.

ఇంకోటి, మన ఊరి ఉక్క. ఎండలోంచి ఏసీలోకొచ్చిన వెంటనే బొటనవేలు ఉబ్బే ఉంటుంది, పది నిమిషాలాగి బాల్ ఎంచుకోండి. చెమటకి లోపలి గుడ్డ తడిసిపోతుంది, ఆరేలోపు సంచిలో పెట్టొద్దు. ఆ తడి చేత్తో షూ అడుగు ముట్టుకోవద్దు. స్లైడ్ కాలు టక్కున పట్టేస్తే మోకాలికి దెబ్బ.

మూడో అడుగులో ఆ ఓపిక కావాలా? డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది. ఫౌల్ లైన్‌కి, అంటే దాటకూడని గీతకి, అరడుగు వెనక ఎడమకాలు ముందుంచి, మోకాలు వంచి నిలబడండి. నడవొద్దు. బాల్‌ని రెండుసార్లు ఊపి, మూడోసారి వదలండి. చూపు 60 అడుగుల అవతలి పిన్నుల మీద కాదు, లేన్ మీద కుడినుంచి రెండో బాణం గుర్తు మీద. తర్వాత అడుగులు కలిపి వేస్తూ, పక్కనుంచి ఫోన్ నేలకి దగ్గరగా పెట్టించి స్లోమోలో తీయించుకోండి. కాలు ఆగిన ఫ్రేములో బాల్ ఎక్కడుందో చూస్తే మీ జబ్బేంటో తెలిసిపోతుంది.

మణికట్టు విరిగే అలవాటుంటే కొనండి. టైమింగ్ కోసమైతే ఆ డబ్బుతో రెండు గేములు ఎక్కువ ఆడుకోండి. పట్టీలు మాత్రం మరీ బిగించకండి, వేళ్లు తిమ్మిరెక్కితే బాల్ ఎప్పుడు వదిలారో మీకే తెలీదు.