ఆ సర్వీసులో సగం ఇంటివాళ్ళది

సభకు వచ్చిన పెద్దలకు, మా మేస్టార్లకు, ఈ స్కూల్లో నాతో చదువుకున్న స్నేహితులకు, పదో తరగతి పిల్లలకు నమస్కారం.

వచ్చే నెలాఖరుకి బ్యాంకులో రిటైర్ అవుతున్నాను. నేవీ గురించి, ఉద్యోగం గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని హెడ్మాస్టరు గారు అడిగారు. తప్పకుండా చెబుతాను. కానీ వెనక వరసల్లో కూర్చున్న తల్లులకూ కోడళ్ళకూ చెప్పాల్సింది ఇంకా ఎక్కువ ఉంది. మన శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా, ఆర్మీలోనో నేవీలోనో కొడుకు పనిచేస్తున్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. నా మాటలు ఆ ఇళ్ళ గురించే.

మా నాన్నది కౌలు వ్యవసాయం. గోగు వేసేవాడు. కోసిన గోగు చెరువులో నానబెట్టి నార తీసే రోజుల్లో ఇంటిల్లిపాదీ మోకాలి లోతు నీళ్ళలోనే ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో కూడా అమ్మ నన్ను స్కూలు మాననివ్వలేదు. లెక్కల మేస్టారు సొంత డబ్బుతో ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ తెప్పించి, నేవీ ప్రకటన చూపించి, దరఖాస్తు దగ్గరుండి నింపించారు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన పేరు చెప్పుకునే కుటుంబాలు ఈ మండలంలో చాలా ఉన్నాయి.

1984లో పలాసలో రైలెక్కి ఒడిశాలోని బాలుగావ్‌లో దిగాను. చిలికా సరస్సు ఒడ్డున ఉన్న ఐఎన్‌ఎస్ చిల్కాలోనే నావికులకు మొదటి శిక్షణ ఇస్తారు. తెల్లారకముందే పరుగు, తర్వాత పెరేడ్, ఈత, క్లాసులు. హిందీ ఒక్క ముక్క రాదు. పక్కమంచం కేరళ అబ్బాయికీ రాదు. ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. అక్కడి నుంచి లోనావలాలోని ఐఎన్‌ఎస్ శివాజీకి పంపారు. ఇంజన్ పని అక్కడ నేర్పారు.

1987లో ఐఎన్‌ఎస్ విరాట్ మన నేవీలో చేరింది. కొన్నాళ్ళకు నన్ను ఆ షిప్పుకి వేశారు. బ్రిటన్‌లో హెర్మిస్ అనే పేరుతో పనిచేసి, 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో వాళ్ళ నౌకాదళానికి ముందు నిలిచిన విమానవాహక నౌక అది. పైన డెక్ మీద నుంచి సీ హారియర్ యుద్ధ విమానాలు ఎగురుతుంటే ఫొటోలు తీసేవాళ్ళు. మేం నాలుగైదు అంతస్తుల కింద బాయిలర్ల దగ్గర ఉండేవాళ్ళం. నాలుగు బాయిలర్లు, 76,000 హార్స్‌పవర్ ఇచ్చే ఆవిరి టర్బైన్లు. ఆ వేడికి చొక్కా ఒంటికి అతుక్కుపోయేది. చూపు మాత్రం నీటిమట్టం చూపించే గాజు గొట్టం మీదే ఉండాలి. మట్టం తగ్గితే ట్యూబులు కాలిపోతాయి. పెరిగితే ఆవిరితో పాటు నీళ్ళు టర్బైన్‌లోకి పోయి బ్లేడ్లు పాడవుతాయి.

పిల్లలూ, చుట్టూ సముద్రం ఉన్నా షిప్పులో నీళ్ళకు కరువే. సముద్రపు నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి మంచినీళ్ళు చేస్తారు. అందులో మొదటి వాటా బాయిలర్లకి, తర్వాతే మనుషులకి. ఉప్పు ఏమాత్రం కలిసినా బాయిలర్ దెబ్బతింటుంది కాబట్టి ఆ నీటిని పదే పదే పరీక్షించేవాళ్ళం. డ్యూటీని వాచ్ అంటారు, నాలుగేసి గంటలు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉన్న వాచ్‌ని మాత్రం రెండుగా విడగొడతారు. అప్పుడు రోజుకి ఏడు వాచ్‌లు అవుతాయి, రోజూ అర్ధరాత్రి డ్యూటీ ఒకే మనిషి మీద పడకుండా మారుతుంది. ఎప్పుడో పెట్టిన ఏర్పాటు, ఎంత న్యాయంగా ఉందో చూడండి.

ఇదంతా నేను చేసిన సర్వీసు. ఇంటివాళ్ళు చేసిందేమిటో ఇప్పుడు చెబుతాను.

1990లో పెళ్ళయింది. మరుసటి ఏడాది బాబు పుట్టినప్పుడు నేను సముద్రం మీద ఉన్నాను. మాకు ఉత్తరాలన్నీ బొంబాయి ఫ్లీట్ మెయిల్ ఆఫీసు పేరు మీద వచ్చేవి. షిప్పు రేవు చేరితేనే టెలిగ్రాం అయినా ఇన్‌లాండ్ లెటర్ అయినా చేతికందేది. బాబు పుట్టాడని నాకు తెలిసేసరికి ఊళ్ళో పురుడు స్నానం కూడా అయిపోయింది. ఆ ఉత్తరంలో మా ఆవిడ తన కష్టం గురించి ఒక్క వాక్యం రాయలేదు. రాస్తే నేను డ్యూటీలో బెంగపడతానని రాయలేదట. చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

తర్వాత నాకు విశాఖ వచ్చింది. మల్కాపురంలో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. 1997 సెప్టెంబరు 14, ఆదివారం తెల్లవారుజామున అక్కడి ఆయిల్ రిఫైనరీలో గ్యాస్ పేలింది. అరవై మంది దాకా చనిపోయారు. వేలాది మంది ఇళ్ళు వదిలి నడిచి వెళ్ళిపోయారు. నేను పోర్ట్‌బ్లెయిర్ వైపు వెళ్ళిన షిప్పులో ఉన్నాను. మా ఆవిడ పాపని చంకనేసుకుని, ఆరేళ్ళ బాబు చెయ్యి పట్టుకుని, ఆ పొగలో కంచరపాలెం దాకా నడిచింది. వెళ్తూ వెళ్తూ ఒక చేతిసంచిలో నా సర్వీసు కాగితాలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు పెట్టుకుంది. నగలు ఇంట్లోనే వదిలేసింది. ఇంటివాళ్ళతో ఫోన్లో మాట్లాడే వీలు దొరికిందాకా షిప్పులో విశాఖ వాళ్ళెవరికీ అన్నం సయించలేదు. అది కూడా దేశసేవే అని నేను నమ్ముతాను. దానికి మెడల్ లేదు, పెన్షన్ పుస్తకంలో ఒక లైనూ లేదు.

పదిహేనేళ్ళ సర్వీసు పూర్తి చేసి 1999లో బయటికి వచ్చేసరికి నాకు 33 ఏళ్ళు. అప్పటికే ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలో బీకాం చదివాను. మాజీ సైనికుల కోటాలో బ్యాంకు క్లర్కు పరీక్ష పాసయ్యాను. పక్క సీట్లో వాళ్ళందరూ నాకన్నా పదేళ్ళు చిన్న. లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వస్తున్న రోజులవి. వాళ్ళ దగ్గరే కూర్చుని నేర్చుకున్నాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో ఒక బ్రాంచిలో ఉన్నాను. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు స్తంభాలు ఊళ్ళకు ఊళ్ళే పడిపోయాయి. తడిసి ఆగిపోయిన బ్రాంచి జనరేటర్‌ని విప్పి, ఆరబెట్టి, ఇంధనం గొట్టంలో చేరిన గాలి తీసి స్టార్ట్ చేశాను. శివాజీలో నేర్చుకున్న పనే. జనం ముందు ఫోన్ల చార్జింగ్‌కి వచ్చారు, లింకు వచ్చాక డబ్బుకి వచ్చారు. ఇరవై అయిదేళ్ళ బ్యాంకు ఉద్యోగంలో నాకు బాగా తృప్తినిచ్చిన రోజులు అవి.

అయితే కౌంటర్లో కూర్చున్న ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది తుపాను కాదు. భర్త పోయిన జవాను భార్య పెన్షన్ కోసం వస్తుంది. సర్వీసు రికార్డులో ఆమె పేరు లక్ష్మి, ఆధార్‌లో లక్ష్మమ్మ. పుట్టిన తేదీ ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి. పెన్షన్ ఆర్డరు ఎక్కడుందో తెలీదు, భర్త ఎప్పుడూ చూపించలేదు. ఫ్యామిలీ పెన్షన్ ఆమె హక్కు. ఆ హక్కు కోసం అఫిడవిట్లు, తహసీల్దారు సర్టిఫికెట్లు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం అంటూ నెలల తరబడి తిరగాలి. భర్త సర్వీసులో ఉండగా అయితే యూనిట్‌లో ఒక దరఖాస్తు ఇస్తే సరిపోయే పని అది. ఇప్పుడు రక్షణ పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి వచ్చాక పేరు, తేదీ సరిగ్గా కలవడం ఇంకా ముఖ్యమైంది.

2022 నుంచి సైన్యంలో చేర్చుకోవడానికి అగ్నిపథ్ అనే పథకం వచ్చింది. మన పిల్లలు అగ్నివీర్లుగా నాలుగేళ్ళ సర్వీసుకి మాత్రమే వెళ్తున్నారు. వాళ్ళలో 25 శాతం వరకే కొనసాగిస్తారు. మిగతావాళ్ళకు సేవానిధి కింద దాదాపు 11.71 లక్షలు వస్తాయి, పెన్షన్ ఉండదు. 2023 మార్చిలో చిల్కా నుంచి శిక్షణ ముగించుకుని బయటికి వచ్చిన తొలి అగ్నివీర్ల బ్యాచ్‌లో అమ్మాయిలు కూడా ఉన్నారని విని ఎంతో సంతోషించాను. వెళ్ళండి, ధైర్యంగా వెళ్ళండి. కానీ వెళ్ళిన మొదటి ఏడాదే డిగ్రీకో డిప్లొమాకో ఫీజు కట్టండి. నాకు పదిహేనేళ్ళ టైం దొరికింది, మీకు దొరకదు. సర్వీసులో ఉన్నంతకాలం 48 లక్షల బీమా ఉంటుంది. ఆ సంగతి, నామినీగా ఎవరి పేరు రాశారన్న సంగతి అమ్మకి చెప్పి వెళ్ళండి. అవి వినడానికి తల్లులు భయపడతారు. భయపడినా వినాలమ్మా.

భోజనాలయ్యాక పదో తరగతి గదిలో సాయంత్రం దాకా కూర్చుంటాను. ఇంట్లో సైనికుడు గానీ మాజీ సైనికుడు గానీ ఉన్నవాళ్ళు పెన్షన్ ఆర్డరు, డిశ్చార్జి బుక్కు, ఆధార్, పాస్‌బుక్కు జిరాక్సులు తీసుకురండి. పేర్లు కలవకపోతే దరఖాస్తు అక్కడే రాసిపెడతాను. మామగారిని పంపకుండా కోడళ్ళే రండి. ఏ కాగితంలో ఏముందో మీకే చదివి చెబుతాను.