కాబో సాన్ లూకాస్ నీటిని చదవడం: ఏ చేప, ఎప్పుడు, ఎందుకు

నమస్కారం. మెక్సికో తీరంలో సరదాగా గాలం వేసి చేపలు పట్టాలనుకునే మన తెలుగువారు, ముఖ్యంగా కాలిఫోర్నియా, అరిజోనా, టెక్సస్‌లలో స్థిరపడినవారు, ముందుగా అడిగే ప్రశ్న ఏ నెలలో వెళ్లాలని. ఆ ప్రశ్నకు నెల పేరు చెప్పి ఊరుకుంటే సగం సమాధానమే అవుతుంది. ఒకే రోజున, ఒకే రేవు నుంచి బయలుదేరిన రెండు పడవల్లో ఒకటి కుడికీ మరొకటి ఎడమకూ తిరిగితే రెండు వేర్వేరు ఋతువుల్లోకి వెళ్లిపోయే చోటు కాబో సాన్ లూకాస్. అందుకే ఈ వీడియోలో అక్కడి నీరు ఏడాది పొడవునా ఎలా మారుతుందో, ఆ మార్పును బయలుదేరే ముందే ఎలా కనిపెట్టాలో చూపిస్తాను.

తెర మీద ఉన్న పటాన్ని గమనించండి. అమెరికా సరిహద్దు నుంచి దక్షిణంగా సన్నగా సాగిన భూమి బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం. దానికి పడమట పసిఫిక్ మహాసముద్రం ఉంది, తూర్పున కాలిఫోర్నియా సింధుశాఖ ఉంది. గాలం వేసేవారందరూ ఈ సింధుశాఖను కోర్తెజ్ సముద్రమనే పిలుస్తారు. ద్వీపకల్పం కొసన, ఈ రెండు నీళ్లూ కలిసే చోట కాబో సాన్ లూకాస్ ఉంది. రేవు నుంచి బయటికి వచ్చి కుడివైపు తిరిగితే పసిఫిక్, ఎడమవైపు తిరిగితే కోర్తెజ్.

వసంతకాలంతో మొదలుపెడదాం, ఎందుకంటే కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఈ కాలంలోనే. మార్చి నుంచి జూన్ దాకా పసిఫిక్ వైపు వాయవ్యపు గాలి తీరం వెంబడి గట్టిగా వీస్తుంది. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో గాలి నెట్టిన పైనీరు గాలి పోయే దిక్కుకు కుడివైపుగా జరుగుతుంది, ఇక్కడ కుడివైపు అంటే తీరాన్ని వదిలి సముద్రం లోపలికి. అలా జరిగిన నీటి స్థానంలోకి అడుగు నుంచి చల్లని నీరు ఉబికి వస్తుంది. ఉత్తరం నుంచి వచ్చే కాలిఫోర్నియా ప్రవాహం కూడా చల్లనిదే కాబట్టి చలి రెట్టింపవుతుంది. అడుగు నీటితోపాటు వచ్చిన పోషకాల వల్ల కంటికి కనిపించని ప్లవకాలు విపరీతంగా పెరిగి నీరు ఆకుపచ్చగా మారుతుంది. ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇ. సి. లాఫాండ్ వాల్తేరు తీరంలో అడుగు నీరు ఇలాగే గాలి వల్ల పైకి రావడాన్ని అధ్యయనం చేశారు. అక్కడ నైరుతి గాలి చేసే పనినే ఇక్కడ వాయవ్యపు గాలి చేస్తుంది.

నేను మొదటిసారి వెళ్లింది ఏప్రిల్‌లో. ఎండ మండిపోతోంది కాబట్టి నీరు కూడా వెచ్చగానే ఉంటుందనుకుని, డొరాడో అనే చేప కోసం పసిఫిక్ వైపే వెళ్దామని కపితాన్‌ను, అంటే పడవ నడిపేవాడిని, పట్టుబట్టాను. ఎల్ ఆర్కో అనే రాతి తోరణాన్ని దాటి పడమటికి తిరిగాక, పడవ ముందు భాగంలో ఉన్న చిన్న తెర మీద నీటి ఉష్ణోగ్రత 73 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 70కి, తర్వాత 67కి, చివరికి 65కి దిగిపోయింది. సెల్సియస్‌లో చెప్పాలంటే సుమారు 23 నుంచి 18కి. ముదురు నీలంగా ఉన్న నీరు పచ్చి కొబ్బరాకు రంగుకు తిరిగింది, ఎండలోనే ఒళ్లు జలదరించే చల్లగాలి కొట్టింది. ఆ రోజంతా డొరాడో ఒక్కటీ కనిపించలేదు. వెచ్చని నీటి చేపను చల్లని నీటిలో వెతకడమే నేను చేసిన తప్పు. అదే నీటిలో రాతి గట్ల దగ్గర జురెల్ కోసం ప్రయత్నించి ఉంటే ఫలితం దక్కి ఉండేది, ఎందుకంటే యెల్లోటెయిల్ అని ఇంగ్లీషులో పిలిచే ఆ చేపకు చల్లని నీరే ఇష్టం.

మర్నాడు కపితాన్ తన ఇష్టప్రకారం పడవ నడిపాడు. పచ్చనీటిలోకి గానీ నీలినీటిలోకి గానీ పూర్తిగా వెళ్లకుండా, రెండూ ఒరుసుకునే అంచు వెంబడే తీసుకువెళ్లాడు. ఆ అంచు కంటికి కనిపించేదే: నురగ ఒక గీతలా సాగి ఉంటుంది, గీతకు ఒక పక్క అలలు చిన్నవిగా గరుకుగా, మరో పక్క నున్నగా ఉంటాయి, పైన పక్షులు తిరుగుతుంటాయి. చిన్న చేపలు మేత కోసం పచ్చనీటి అంచుకు చేరతాయి, వాటిని వేటాడే పెద్ద చేపలు నీలినీటి వైపు నుంచి వస్తాయి. చారల మార్లిన్‌లను మేము అక్కడే చూశాం. విశాఖ, కాకినాడ మత్స్యకారులు కొమ్ముకోనాం అని పిలిచే చేపల కుటుంబమే ఇది. కెరటం వాలు వెంట ఈదుతూ, కొడవలి లాంటి తోక కొసను మాత్రమే పైకి పెట్టి అవి కదులుతుంటే, కపితాన్ వాటి దారికి కాస్త ముందుగా కబాయితో అనే బతికున్న ఎర చేపను విసిరాడు.

ఇప్పుడు ఆ అంచును ఇంటి దగ్గరే ఎలా వెతకాలో చూద్దాం. ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత పటాలు ఉచితంగానే దొరుకుతాయి. పటం తెరవగానే ఎక్కడ వెచ్చగా ఉందో చూడటం చాలామందికి అలవాటు, కానీ చూడవలసింది రంగులు ఒకదానికొకటి బాగా దగ్గరగా మారే చోటు. కొద్ది కిలోమీటర్లలోనే రెండు మూడు డిగ్రీల తేడా కనిపిస్తే అక్కడ గట్టి అంచు ఉన్నట్టు. ఒక్క రోజు పటాన్ని నమ్మవద్దు, ఎందుకంటే మేఘాలు అడ్డుపడిన చోట పాత లెక్కలతో పూడ్చిన రంగులు ఉండవచ్చు. వరుసగా మూడు రోజుల పటాలను పక్కపక్కన పెట్టి, అంచు ఎటు జరుగుతోందో గమనించండి. తర్వాత నీటిని పచ్చగా మార్చే ప్లవకాలు ఎక్కడ ఎక్కువున్నాయో చూపే క్లోరోఫిల్ పటం తెరిచి, రంగు మారే గీత కూడా అక్కడే ఉందో లేదో చూడండి. రెండు గీతలూ కలిసిన చోటు సముద్రం అడుగున ఉన్న గట్టుకు దగ్గరైతే, ఉదాహరణకు సాన్ హోసే దెల్ కాబో ఎదుట ఉన్న గోర్దా గట్లకు, ముందుగా అక్కడికే వెళ్లాలన్నది నా అభిప్రాయం. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మన మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లను సూచించేది కూడా ఈ రెండు సమాచారాల ఆధారంగానే.

జూన్ చివరికి వాయవ్యపు గాలి నెమ్మదించి, దక్షిణం నుంచి వెచ్చని నీరు పైకి పాకుతుంది. కోర్తెజ్‌లో ఒక చక్కని మార్పు వస్తుంది. చలికాలంలో రాళ్ల మీద పెరిగిన సర్గాసమ్ నాచు నీరు వేడెక్కగానే తెగి, చాపల్లా తేలుతుంది. ఆ చాపల నీడన చిన్న చేపలు చేరతాయి, వాటి కోసం డొరాడోలు వస్తాయి. తేలే నాచు కనిపిస్తే పడవను దాని మీదికి పోనివ్వకుండా, కొంత దూరంలో ఇంజను నెమ్మది చేసి ఎర వేయండి. ఈ నెలల్లోనే తూర్పు తీరపు ఇసుక గట్ల వెంబడి పెస్ గాయో, అంటే రూస్టర్‌ఫిష్, ఒడ్డుకు అతి దగ్గరగా తిరుగుతుంది. అయితే ఆ తీరంలోనే ఉన్న కాబో పుల్మో 1995 నుంచి జాతీయ ఉద్యానవనం, దాని హద్దుల్లో చేపలు పట్టకూడదు.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నీరు 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. నీలి మార్లిన్, నల్ల మార్లిన్, సూర చేపలకు ఇది మంచి కాలం. పేరున్న మార్లిన్ పోటీలు అక్టోబరులో జరగడానికి కారణం కూడా ఇదే. ఇక్కడ ఉపరితల ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు, కింద ఏముందో కూడా తెలుసుకోవాలి. వెచ్చని పై పొర కింద నీరు హఠాత్తుగా చల్లబడే చోటును థర్మోక్లైన్ అంటారు. తూర్పు పసిఫిక్ ఉష్ణమండలంలో ఆ పొర కింద ప్రాణవాయువు చాలా తక్కువ. ఎక్కువ ప్రాణవాయువు కావలసిన మార్లిన్, సూర వంటి చేపలు అక్కడ ఎక్కువసేపు ఉండలేక పై పొరలోనే మసలుతాయి. ఇతర సముద్రాలతో పోలిస్తే ఇక్కడ ఉపరితలం మీద పడవ లాక్కెళ్లే ఎరకు మార్లిన్ ఎక్కువగా చిక్కడానికి ఇదొక ముఖ్య కారణం. శబ్దాన్ని నీటిలోకి పంపి కింద ఏముందో చూపే ప్రతిధ్వని యంత్రపు తెర మీద అడ్డంగా మసక గీత కనిపిస్తే, చాలాసార్లు అది ఈ పొరే. బరువు కట్టిన ఎరను దానికి కాస్త పైనే ఆపండి.

ఈ నెలలే తుఫానుల కాలం కూడా. 2014 సెప్టెంబరులో ఓడిల్ తుఫాను నేరుగా కాబో మీదనే తీరం దాటి ఊరిని అతలాకుతలం చేసింది. తుఫాను వెళ్లాక పై పొర చిలికినట్టై నీరు చల్లబడుతుంది, వాగుల నుంచి బురద, కొమ్మలు, దుంగలు సముద్రంలోకి కొట్టుకు వస్తాయి. బురదనీరు దాటి, దుంగలు తేలే శుభ్రమైన నీటికి వెళ్లగలిగితే మళ్లీ డొరాడో దొరుకుతుంది. రేవు తెరిచారని అధికారులు ప్రకటించేదాకా మాత్రం బయటికి వెళ్లకండి.

శరదృతువు చివర చారల మార్లిన్‌లు మళ్లీ కనిపిస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఉత్తరాన ఉన్న మగ్దలేనా అఖాతం ఎదుట అవి గుంపులుగా చేరి, సార్డైన్‌లను బంతిలా చుట్టుముట్టి తింటాయి. కోర్తెజ్‌లో చలికాలపు ఉత్తర గాలి మొదలయ్యాక నీరు చల్లబడుతూ పోతుంది. పసిఫిక్ నీరు మామూలుకంటే వేడెక్కే ఎల్ నీన్యో ఏడాదిలో ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి: 2015లో వెచ్చని నీరు ఎంత పైకి పోయిందంటే, వెచ్చని నీటిలో ఉండే వహూ చేపలు దక్షిణ కాలిఫోర్నియాలోనే చిక్కాయి.

చివరగా ఎర గురించి, చేపను వదలడం గురించి. చల్లని నీటికంటే వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. తెల్లవారుజామున రేవులో కొన్న కబాయితోలు ఏప్రిల్‌లో తొట్టెలో మధ్యాహ్నం దాకా చురుగ్గా ఉంటాయి, సెప్టెంబరులో అన్నే చేపలు వేస్తే రెండు గంటల్లో నోరు తెరుచుకుని పైకి తేలుతాయి. వేసవిలో సగమే కొనండి, నీటి పంపును ఆపకండి. పట్టిన మార్లిన్‌కూ ఇదే వర్తిస్తుంది. వెచ్చని నీటిలో గంటసేపు పెనుగులాడిన చేప అలసిపోయి ఉంటుంది, దానిని ఫోటో కోసం పడవలోకి ఎత్తవద్దు. వృత్తాకారపు గాలం వాడితే అది చాలావరకు నోటి మూలనే గుచ్చుకుంటుంది, తీయడం తేలిక. చేతికి తొడుగు వేసుకుని కొమ్మును పట్టుకుని, తల నీటిలోనే ఉంచి, పడవను నెమ్మదిగా ముందుకు నడపండి. నీరు నోటిలోంచి మొప్పల మీదుగా పారుతుండగా దాని ఒంటి మీద పాలిపోయిన నీలిచారలు మళ్లీ ముదురుతాయి. అది తోకతో గట్టిగా తన్నినప్పుడు చేయి వదలండి.