ఆర్‌ఎస్‌సి 1917 కొనబోతున్నారా? ముందు గ్యాస్ పోర్ట్ చూడండి

నమస్తే అండి. ఈరోజు బల్ల మీద ఉన్నది ఫ్రెంచ్ ఆర్‌ఎస్‌సి 1917. మొదటి ప్రపంచ యుద్ధంలో కాల్బలం చేతికి వేలల్లో అందిన సెమీ ఆటోమేటిక్ రైఫిల్. రిబెరోల్, సుటర్, షోషా అనే ముగ్గురి పేర్ల మీద ఆ పేరు. దాదాపు 85 వేలు తయారయ్యాయి. అన్ని ఉంటే అరుదేంటి అంటారా? తయారైనవి తయారైనట్టు మిగల్లేదు కాబట్టి.

బ్యారెల్‌లోని గ్యాస్‌ని మళ్లించి తర్వాతి తూటాని తనంతట తానే లోడ్ చేయించే చిన్న రంధ్రమే గ్యాస్ పోర్ట్. 1930ల మధ్యలో, మిగిలిన వాటిలో చాలావాటికి దాన్ని మూసేసి వలస దేశాల్లోని దళాలకు ఇచ్చారు. అలాంటిది కాలిస్తే తనంతట తాను లోడ్ కాదు. ప్రతి తూటాకీ హ్యాండిల్ వెనక్కి లాగి ముందుకు తొయ్యాలి. పైకి చూస్తే రెండూ ఒకటే! అందుకే ధర మాట్లాడక ముందే, తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, బ్యారెల్ కింద మూతి దగ్గరున్న గ్యాస్ ప్లగ్ విప్పించండి. చిన్న టార్చ్ వేస్తే బ్యారెల్‌లోకి రంధ్రం ఉందో, పూడ్చేశారో తెలుస్తుంది. ప్లగ్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే పట్టకారుతో కుస్తీ పట్టొద్దు. నూనె వేసి నానబెట్టాలి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే, పోర్ట్ మూసేసిందే అనుకుని ఆ ధరే చెప్పండి.

పూడ్చిన రంధ్రాన్ని డ్రిల్ పెట్టి తెరిపిస్తాననే వాళ్లుంటారు. వద్దు. ఆ మార్పు కూడా ఈ రైఫిల్ చరిత్రలో భాగమే, సైన్యం చేసిన పని. మీరు డ్రిల్ చేస్తే ఇటు అసలూ కాదు, అటు వలస దళాల రైఫిలూ కాదు.

ఇక క్లిప్, అంటే తూటాల్ని కలిపి పట్టుకునే రేకు. కింద మ్యాగజైన్ మూత తెరిచి, 5 తూటాల క్లిప్‌ని మొత్తంగా లోపల పెట్టి మూసేయాలి. ఈ క్లిప్ దీనికే ప్రత్యేకం, అప్పటి మరో ఫ్రెంచ్ రైఫిల్ బెర్తియే క్లిప్ పట్టదు. రైఫిల్ కన్నా క్లిప్ కోసమే ఎక్కువ తిరగాల్సి వస్తుంది, కాబట్టి క్లిప్‌తో సహా అమ్ముతుంటే కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఆ మూత రేకు కూడా బలహీనమే. సొట్ట ఉందా, గొళ్లెం గట్టిగా పడుతోందా, డమ్మీ తూటాలతో క్లిప్ ఎక్కించి అక్కడే చూసుకోండి. తర్వాత హ్యాండిల్‌ని మెల్లగా లాగండి. బోల్ట్ తిరిగి తెరుచుకునేటప్పుడు ఎక్కడైనా పట్టేస్తుంటే ఆ జోడింపుల్లో అరుగుదల ఉన్నట్టే.

1331 మిల్లీమీటర్ల పొడవు, 5 కిలోల పైన బరువు. కందకంలో దీన్ని మోసినవాళ్ల ఓపికకి దణ్ణం. ఈ లోపాలు సరిచేసి 1918 మోడల్ తెచ్చారు. పొడవు 1100కి తగ్గింది, బెర్తియే 5 తూటాల క్లిప్ సరిపోయేలా మార్చారు. అయితే యుద్ధం అయిపోయింది. సుమారు 4 వేలే వచ్చాయి, మొరాకోలో రిఫ్ యుద్ధానికి వెళ్లాయి. 1918 ఎవరైనా చౌకగా ఇస్తానంటే ముందు పొడవు కొలవండి, తర్వాత క్లిప్ పెట్టి చూడండి. కోసేసిన 1917 అయితే బెర్తియే క్లిప్ దగ్గర దొరికిపోతుంది.

తూటా 8 మిల్లీమీటర్ల లెబెల్. 1932లో వచ్చిన ‘ఎన్’ తూటా మాత్రం వేరే, దాని కోసం ఛాంబర్, అంటే బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు, పెంచాలి. అలా పెంచిన ఫ్రెంచ్ రైఫిళ్ల బ్యారెల్ మీద, రిసీవర్ (బోల్ట్ ఉండే భాగం) మీద ‘ఎన్’ ముద్ర ఉంటుంది. అది లేకపోతే ఆ తూటా వేయొద్దు. పాత మిలిటరీ తూటాలు కాల్చారా, ఆ సాయంత్రమే బ్యారెల్, గ్యాస్ గది రెండూ వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పూయండి. తూటాలో నిప్పు పుట్టించే ప్రైమర్ వదిలే ఉప్పు సాల్వెంట్‌తో పోదు. అందరూ బ్యారెల్ తుడిచి వదిలేస్తారు, ప్లగ్ బిగుసుకుపోయేది అందుకే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక్క మాట. ఫెడరల్ చట్టంలో యాంటీక్ అంటే 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనది, ఇది కాదు. యాభై ఏళ్లు దాటింది కాబట్టి క్యూరియో అండ్ రెలిక్ (సేకరణకి పనికొచ్చే పాత ఆయుధాలు) కిందకి వస్తుంది, వాటిని సేకరించేవాళ్లకిచ్చే 03 ఫెడరల్ లైసెన్స్ పనికొస్తుంది. రాష్ట్రాల చట్టాలు వేరు, డబ్బు కట్టకముందే మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోండి.