తోపు పలచన, కూర నిండుగా (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. సంక్రాంతి వెళ్లింది కానీ చలి ఇంకా వెళ్లలేదు. రైతుబజారులో ఎటు చూసినా చిక్కుళ్లు, పచ్చి బఠానీ, మెంతికూర, క్యారెట్. వీటితో ఇంట్లోనే వెజిటబుల్ ‘పై’, అంటే కూరని పిండి తోపుతో కప్పి ఓవెన్‌లో కాల్చే వంటకం, ఎలా చేసుకోవాలో చెప్పడానికి డైటీషియన్ మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్. హలో!

కాలర్: హలో... హలో...

వ్యాఖ్యాత: అమ్మా, టీవీ సౌండ్ కొంచెం తగ్గించి మాట్లాడండి.

కాలర్: తగ్గించానండీ. హనుమకొండ నుంచి. దసరాకి ఓటీజీ, అదే చిన్న కరెంటు ఓవెన్, కొన్నాం. మా పిల్లలు కూరలు ముట్టరు, పై అయితే తింటారని చేశా. మైదా మంచిది కాదని మొత్తం గోధుమపిండే వేశా. పైన చెక్కలా గట్టిపడింది, అడుగేమో పచ్చిపచ్చిగా ఉండిపోయింది. మా అత్తమ్మ నమల్లేక పక్కన పెట్టేసింది. చాలా బాధనిపించింది మేడమ్.

డైటీషియన్: పిండి ఎలా కలిపారమ్మా?

కాలర్: చపాతీ పిండిలాగే. బాగా పిసికి, 20 నిమిషాలు నానబెట్టా.

డైటీషియన్: అక్కడే వచ్చింది ఇబ్బంది. చపాతీ పిండి సాగాలి, పై పిండి అస్సలు సాగకూడదు. నీళ్లు పోసి పిసికేకొద్దీ గోధుమలో జిగురు పెరుగుతుంది, కాలాక అదే గట్టిపడుతుంది. ఈసారి 60 గ్రాముల గోధుమపిండి, 60 గ్రాముల మైదా తీసుకోండి. మైదా కొంచెం ఉంటే భయపడకండి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న 60 గ్రాములు చిన్న ముక్కలు చేసి, వేళ్ల కొసలతో పిండిలో నలపండి. పూర్తిగా కలిసిపోకూడదు, బఠానీ గింజంత ముక్కలు అక్కడక్కడా కనిపించాలి. ఓవెన్‌లో ఆ ముక్కలు కరిగిన చోట ఖాళీ ఏర్పడి, ఆవిరికి పొరలు విడతాయి. చన్నీళ్లు రెండు మూడు స్పూన్లు చల్లి ముద్ద కట్టండి, అంతే. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు వత్తండి.

కాలర్: 60 గ్రాముల వెన్నే చాలా? వీడియోల్లో చాలా ఎక్కువ వేస్తున్నారు.

డైటీషియన్: మామూలు లెక్క 3 వంతుల పిండికి 2 వంతుల వెన్న. నేను పిండిలో సగానికి తగ్గించాను. కానీ అసలు తగ్గేది అక్కడ కాదు. మీ వైపు భక్ష్యాలు చేసేటప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తారు? తోపు పలచగా, పూర్ణం దండిగా. పై కూడా అలాగే చేయండి. అడుగున పిండి పెట్టకండి, గిన్నెలో కూర నింపి మీద మాత్రమే పలచటి తోపు కప్పండి. పిండి, వెన్న దాదాపు సగం తగ్గిపోతాయి, అడుగు పచ్చిగా ఉండే బాధా తీరిపోతుంది. పిల్లలకి ఆరోగ్యం అంటే నా లెక్కలో ఇదే. పిండి మార్చినంత మాత్రాన రాదు.

కాలర్: లోపల ఏం పెట్టాలి?

డైటీషియన్: నలుగురికి అరకిలో కూరలు. మెంతికూర, బఠానీ, క్యారెట్, చిక్కుడు గింజలు. ఉల్లి, వెల్లుల్లి వేసి, నీరంతా ఇగిరేదాకా వేయించండి. క్రీమ్ సాస్ బదులు ఒక కప్పు పెసరపప్పు గట్టిగా ఉడికించి మెదిపి కలపండి. చిక్కదనమూ వస్తుంది, పిల్లలకి ప్రోటీనూ అందుతుంది. కూర పూర్తిగా చల్లారాకే తోపు కప్పాలి. వేడి మీద కప్పితే వెన్న ముందే కరిగి పొరలు రావు. మధ్యలో కత్తితో రెండు గాట్లు పెట్టి, 200 డిగ్రీల సెల్సియస్‌లో 35 నిమిషాలు. రంగు చూసి తీయండి.

కాలర్: షాపులో వెన్న బదులు డాల్డా వాడమన్నారండీ, కరకరలాడుతుందని.

డైటీషియన్: వద్దమ్మా. డాల్డా లాంటి వాటిలో ట్రాన్స్‌ఫ్యాట్ అని గుండెకి చెడు చేసే కొవ్వు ఉండొచ్చు. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి నిబంధన ఉంది. అయినా పిల్లలకి కొంచెం వెన్నే నయం.

వ్యాఖ్యాత: తెనాలి నుంచి పెద్దాయన లైన్‌లో ఉన్నారు.

కాలర్: నమస్కారం అమ్మా. నాకు 71. పన్నెండేళ్లుగా షుగరు. అమెరికా నుంచి మా అమ్మాయి వచ్చింది. గుమ్మడికాయతో పై చేస్తాను, పంచదార లేదు నాన్నా, బెల్లమే వేస్తాను అంటోంది. తినొచ్చా?

డైటీషియన్: బాబాయ్ గారూ, బెల్లం కూడా చక్కెరే. మీ షుగరుకి ఆ రెండిటికీ పెద్ద తేడా తెలియదు. అమ్మాయి ప్రేమగా చేస్తోంది, ఒక చిన్న ముక్క రుచి చూడండి, ఆ పూట అన్నం తగ్గించుకోండి. మందులు వాడుతున్నారు కాబట్టి మీ డాక్టరు గారికీ ఒక మాట చెప్పండి. అయితే గుమ్మడిని వదలకండి. ఆ పసుపు రంగులో ఉండే బీటా కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది. కారంగా చేయమనండి. గుమ్మడి ముక్కలు, శనగపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు.

కాలర్: మా ఆవిడ ఆవపెట్టి చేసేది గుమ్మడి కూర. అది పెట్టొచ్చా లోపల?

డైటీషియన్: ఎంత మంచి మాట చెప్పారు! తప్పకుండా పెట్టొచ్చు. కాకపోతే ఓవెన్ వేడికి ఆవఘాటు పోతుంది. అందుకని ఆవ లోపల వేయకుండా, కమ్మటి పెరుగులో నూరి కలిపి, పక్కన పెట్టుకుని నంజుకోండి.

కాలర్: సరేనమ్మా. పెరుగులోనే కలపమంటాను.

వ్యాఖ్యాత: టెక్సాస్ నుంచి ఇంకో కాల్. అక్కడ ఇప్పుడు రాత్రి పదకొండున్నర అయి ఉంటుంది.

కాలర్: అవునండీ. ఒక్క ప్రశ్నే. ఇక్కడ డబ్బాల్లో వచ్చే గుమ్మడి గుజ్జు వాడితే తప్పా?

డైటీషియన్: తప్పేం లేదు. కానీ లేబుల్ చూడండి. ‘పంప్‌కిన్ పై మిక్స్’ అని ఉంటే అందులో చక్కెర ముందే కలిపి ఉంటుంది. ఉత్తి గుమ్మడి గుజ్జు ఉన్న డబ్బానే కొనండి. ఓవెన్ 400 ఫారెన్‌హీట్ పెట్టుకోండి.

వ్యాఖ్యాత: విశాఖపట్నం నుంచి చివరి కాల్. చెప్పమ్మా.

కాలర్: మేడమ్, నేను ఉద్యోగం చేస్తూ రూమ్‌లో ఉంటున్నా. ఓవెన్ లేదు. ఒక స్టవ్, ఒక పెనం, అంతే. ఇంక నాకు కుదరదా?

డైటీషియన్: ఎందుకు కుదరదు తల్లీ? ఇదే పిండిని పూరీలా వత్తి, కూర పెట్టి, కజ్జికాయలా మడిచి అంచులు నొక్కు. మందపాటి పెనం మీద ఒక స్పూను నూనె వేసి, బాగా సన్నమంట మీద మూత పెట్టు. దిబ్బరొట్టె కాల్చినట్టు ఓపిగ్గా, ఒక్కో వైపు 8 నుంచి 10 నిమిషాలు. మంట పెంచావంటే పైన మాడి లోపల పిండి పచ్చిగా ఉంటుంది.

కాలర్: పొద్దున చేసి ఆఫీసుకి పట్టుకెళ్లొచ్చా?

డైటీషియన్: వెళ్లొచ్చు. చల్లారాకే డబ్బాలో పెట్టు, వేడి మీద మూత పెడితే మెత్తబడిపోతుంది. పాలకూర పెడుతుంటే మాత్రం వేయించాక గట్టిగా పిండు, దానిలో నీళ్లెక్కువ.

కాలర్: మరి ఆ పిండిన నీళ్లు?

డైటీషియన్: పారబోయకు తల్లీ. సాయంత్రం చారులో పోసుకో.