బాండలి కాలాక అయిదు నిమిషాలే

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ చైనా పద్ధతిలో కూరగాయల వేపుడు ఇంట్లో ఎలా చేసుకోవాలో చెప్తాను. సాయంత్రం ఏడింటికి నెల్లూరు ట్రంక్ రోడ్డు మీద నడిచి వెళ్తుంటే నూడిల్స్ బండి దగ్గర ఒక వాసన తగులుతుంది చూడండి, వెల్లుల్లి వేగిన వాసనా కాస్త పొగ వాసనా కలిసి, అప్పుడే తిని వచ్చినవాళ్లకి కూడా ఆకలి పుట్టించేది, ఆ వాసన మా ఇంట్లో రప్పించాలని నేను చాలాకాలం తంటాలు పడ్డాను. సోయా సాస్ మార్చాను, చిల్లీ సాస్ మార్చాను. ఏం చేసినా చివరికి దిగేది క్యాబేజీ కూరే. అడుగున నీళ్లు, పైన మెత్తబడిన ముక్కలు. పిల్లలు ఒక ముద్ద తిని పక్కకి నెట్టేవాళ్లు.

ఒకరోజు బండి దగ్గరే నిలబడి ఆ అబ్బాయి వండేది గమనించాను. ఒక ప్లేటుకి రెండు గుప్పిళ్ల కూరగాయలు, అంతే వేశాడు. నలుగురు ఆర్డరు చెప్పి ఎదురుచూస్తున్నా నాలుగు ప్లేట్లూ కలిపి వెయ్యలేదు. "అన్నీ ఒకేసారి వేస్తే త్వరగా అయిపోద్ది కదా నాయనా" అన్నాను. "అట్టా వేస్తే ఉడికిపోద్దక్కా, వేగదు" అన్నాడు.

అదీ సంగతి. నీళ్లు మరిగేది వంద డిగ్రీల దగ్గర. బాండలిలో నీళ్లు ఊరుతున్నంతసేపూ ముక్కకి ఆ వంద దాటి వేడి తగలదు, ముక్క అంచు ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే నూట నలభై పైన కావాలి. బండి మీద మంట బాండలి చుట్టూ లేస్తుంది కాబట్టి వచ్చిన నీరు వచ్చినట్టే ఆవిరైపోతుంది. మన ఇంటి స్టవ్వుకి అంత బలం లేదు, అందుకే నలుగురికి చెయ్యాలంటే రెండు వాయిలుగా చేసుకోవాలి. ఆ పొగ వాసనకి చైనాలో కాంటన్ వైపు వాళ్లు వోక్ హే అని పేరే పెట్టుకున్నారు, బాండలి ఊపిరి అని అర్థం.

కడిగిన కూరగాయల్ని గుడ్డ మీద ఆరబెట్టండి, దీన్ని మాత్రం వదిలెయ్యకండి, తడి ముక్క నూనెలో పడితే చిందుతుంది కూడా. తరగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, వండటానికి అయిదే, కాబట్టి అన్నీ తరిగి గిన్నెల్లో పెట్టుకున్నాకే స్టవ్ వెలిగించండి. రెండు క్యారెట్లు, గుప్పెడు బీన్స్ సన్నగా ఏటవాలుగా, ఒక క్యాప్సికమ్, పావు క్యాబేజీ, ఆరు వెల్లుల్లి రెబ్బలు, కాస్త అల్లం, నాలుగు ఉల్లికాడలు. ఒక చిన్న గిన్నెలో చెంచా కార్న్‌ఫ్లోర్ మూడు చెంచాల చన్నీళ్లలో కలపండి. వేడినీళ్లయితే ఉండ కడుతుంది.

ఇనప బాండలి ఉంటే అదే తీయండి, నాన్‌స్టిక్ గిన్నెని ఖాళీగా పెద్ద మంట మీద పెట్టకూడదు. బాండలి బాగా కాలాక రెండు చెంచాల వేరుశనగ నూనె పోయండి, చైనాలోనూ చాలాచోట్ల వేపుడికి వాడేది ఆ నూనే. వెల్లుల్లి, అల్లం పది సెకన్లు, అంతకు మించితే మాడి చేదొస్తుంది. తర్వాత క్యారెట్, బీన్స్ రెండు నిమిషాలు, ఆపైన క్యాప్సికమ్, క్యాబేజీ ఒక నిమిషం. మంట తగ్గించొద్దు, మూత పెట్టొద్దు, చెయ్యి ఆపొద్దు. మా ఇంట్లో దీనికి ఉదయగిరి చెక్క గరిటె ఉంది, పిడి కాలదు, అడుగుదాకా చక్కగా తిరుగుతుంది. ఇప్పుడు రెండు టీస్పూన్ల సోయా సాస్ బాండలి అంచు వెంట పోయండి, చుయ్యిమని పొంగి ఒక్కసారిగా వాసన లేస్తుంది. మిరియాల పొడి చల్లి, అడుగున పేరుకున్న కార్న్‌ఫ్లోర్‌ని మళ్లీ కలిపి పోసి, ముక్కలకి మెరుపు రాగానే ఉల్లికాడలు వేసి దించెయ్యండి. ఉప్పు రుచి చూశాకే వెయ్యాలి, సోయా సాస్‌లో ముందే చాలా ఉంటుంది.

ఇన్ని కూరగాయలు, సాసులు ఉంటేనే చైనా వంట అనుకోకండి. అక్కడి ఇళ్లలో రోజూ చేసుకునేది చాలావరకు ఒకే కూరగాయతో. మనం పప్పులో వేసే తోటకూరని వాళ్లు కాలిన నూనెలో వెల్లుల్లితో రెండు నిమిషాలు తిప్పి, ఉప్పేసి దించుతారు. తూటికూర కూడా అంతే. బంగాళాదుంపని అగ్గిపుల్లల్లా తరిగి, పిండి పోయేదాకా రెండు మూడు నీళ్లలో కడిగి, ఆరబెట్టి, ఎండుమిర్చి, వెనిగర్‌తో వేయిస్తారు. దుంప మెత్తబడదు, కరకరలాడుతుంది. మొదటిసారి తిన్నప్పుడు ఉడకలేదేమో అనిపించింది, రెండోసారికి మా ఇంట్లో గిన్నె ఖాళీ అయింది.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఇది చేసి మూతపెట్టి ఆఫీసు నుంచి ఎవరో వచ్చేదాకా ఉంచే వంట కాదు, ఆ ఆవిరికే మళ్లీ మెత్తబడిపోతుంది. అందరినీ కూర్చోబెట్టి, కంచాల్లో వేడన్నం పెట్టాకే బాండలి స్టవ్ మీదకి ఎక్కించండి. ఉంటాను, నమస్కారం.