అలాస్కా ఓడ ఏ ఊళ్లో ఎక్కాలి?

శ్రోతలందరికీ నమస్కారం. వేసవిలో అమ్మానాన్నలు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లారంటే, ఆ ఇంట్లో ఏదో ఒక రోజు అలాస్కా క్రూయిజ్ మాట వస్తుంది. ఇక టికెట్ ధరలు చూస్తారు, ఓడలో మన భోజనం దొరుకుతుందా అని కనుక్కుంటారు, బాల్కనీ గది తీసుకోవాలా వద్దా అని వారం రోజులు చర్చిస్తారు. ఓడ ఏ ఊళ్లో ఎక్కాలన్నది మాత్రం చివరికి మిగిలిపోతుంది, ఏది చవకైతే అది అనుకుంటారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అదే. ఏ దారిన వెళ్తారు, ఓడ ఎంత ఊగుతుంది, ఏ హిమనదులు కనిపిస్తాయి, చేతిలో ఏ కాగితాలు ఉండాలి, ఇవన్నీ దాన్నిబట్టే మారతాయి.

ఎక్కువమంది ఎక్కేది సియాటిల్‌లో, లేదా కెనడాలోని వాంకూవర్‌లో. అటు అలాస్కాలోనే విట్టియర్, సీవర్డ్ అని రెండు రేవులున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కూడా కొన్ని ఓడలు బయల్దేరతాయి.

కాగితాలతో మొదలుపెడతాను, మనవాళ్లకి టెన్షన్ వచ్చేది ఇక్కడే కాబట్టి. సియాటిల్ అమెరికాలో ఉంది, అలాస్కా అమెరికాలోనే ఉంది, ఇంక కెనడా వీసాతో పనేంటి అని చాలామంది అనుకుంటారు. కానీ పని ఉంది. అమెరికాలో 1886లో చేసిన ఒక చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో ఏ విదేశీ రేవునీ తాకకుండా అమెరికా రేవులోనే దింపకూడదు. ఈ పెద్ద ఓడలన్నీ దాదాపుగా బహామాస్, పనామా, బెర్ముడా, నెదర్లాండ్స్ లాంటి దేశాల జెండాలతో తిరిగేవే. అందుకే సియాటిల్ నుంచి వెళ్లే ఓడ కెనడాలో ఒకచోట, సాధారణంగా విక్టోరియాలో, ఆగి తీరాలి. చాలాసార్లు అది తిరుగు ప్రయాణంలో సాయంత్రం పూట కొన్ని గంటలే. ఈ చట్టం ఎంత గట్టిదో కోవిడ్ రోజుల్లో తెలిసింది. కెనడా తన రేవులు మూసేసరికి అలాస్కా ఓడలు కదల్లేకపోయాయి, 2021 మే నెలలో అమెరికా కాంగ్రెస్ తాత్కాలికంగా మినహాయింపు ఇస్తూ మరో చట్టం చేశాకే ఆ వేసవిలో కొన్ని ఓడలైనా తిరిగాయి.

కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టు మీద, గ్రీన్‌కార్డు లేకుండా ఉన్నవాళ్లు, అంటే హెచ్1బీలో ఉన్నవాళ్లూ విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలూ, సియాటిల్‌లో ఎక్కినా సరే కెనడా విజిటర్ వీసా తీసుకోండి. మేం విక్టోరియాలో ఓడ దిగం కదా అంటే కుదరదు, వీసా లేకపోతే ఓడ ఎక్కేచోటే ఆపేసే ప్రమాదం ఉంది. అలా ఆగిపోతే మామూలుగా డబ్బు కూడా తిరిగి రాదు. అమెరికా వీసా పదేళ్లకి ఉన్నా అది కెనడాకి పనికిరాదు. కెనడా వీసాకి వేలిముద్రలు ఇవ్వాలి, వారాలు పట్టొచ్చు, అందుకని పెద్దవాళ్లు ఇండియాలో ఉండగానే అప్లై చేయించడం మంచిది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టూ కార్డూ ఉంటే చాలు.

వీసా ఎలాగూ తీసుకోవాలి కదా, అప్పుడు వాంకూవర్‌ని పక్కన పెట్టడానికి పెద్ద కారణం ఉండదు. నేనైతే వాంకూవర్‌కే ఓటేస్తాను, ముఖ్యంగా పెద్దవాళ్లు వెంట ఉంటే. మ్యాప్ తీసి చూడండి, ఒడ్డుకి ఆనుకుని వాంకూవర్ ద్వీపం అని పొడుగ్గా ఉంటుంది. సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు చాలావరకు ఆ ద్వీపానికి పడమటి వైపు నుంచి, బయటి పసిఫిక్ మీదుగా వెళ్తాయి. అక్కడ అల ఉంటుంది, మే మొదట్లో, సెప్టెంబరులో ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. బస్సెక్కితేనే కళ్లు తిరిగేవాళ్లకి ఆ పూట కష్టమే. వాంకూవర్ ఓడలు ద్వీపానికీ ఒడ్డుకీ మధ్యనున్న జలసంధిలోంచి వెళ్తాయి. ఇన్‌సైడ్ పాసేజ్ అనే దారిలో అదొక భాగం. పాపికొండల మధ్య లాంచీలో వెళ్లినవాళ్లకి ఆ అనుభవం తెలుసు: రెండువైపులా కొండలు, చెట్లు, కదిలీ కదలనట్టుండే నీళ్లు. ఇక్కడ అది గంటల తరబడి సాగుతుంది.

ఆ దారిలో సీమూర్ నారోస్ అని ఒక ఇరుకు చోటు వస్తుంది. ఆటుపోట్ల వేళ అక్కడ నీళ్లు భయంకరమైన వేగంతో పరుగెడతాయి, కాబట్టి పెద్ద ఓడలు నీరు నిలకడగా ఉండే కాసేపు చూసుకుని దాటతాయి. ఒకప్పుడు ఆ నీళ్ల అడుగున రిపుల్ రాక్ అనే జంట శిఖరాల రాయి ఉండేది. అది ఎన్నో ఓడల్ని పగలగొట్టి, వందకు పైగా ప్రాణాలు తీసింది. చివరికి ఒడ్డు పక్క నుంచి కిందికి సొరంగం తవ్వి, ఆ రాయి కడుపులో పేలుడు పదార్థాలు నింపి, 1958 ఏప్రిల్ 5న పేల్చేశారు. ఓడ ఆ చోటు ఎన్నింటికి దాటుతుందో సిబ్బందిని అడిగి తెలుసుకోండి, రాత్రి వేళ కాకపోతే తప్పకుండా డెక్ మీదికి రండి.

వాంకూవర్‌లో ఓడలు ఆగే కెనడా ప్లేస్ ఊరి నడిబొడ్డున ఉంటుంది. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో రైలెక్కితే సుమారు అరగంటలో పక్కనే దిగొచ్చు. ఓడ ఎక్కేముందే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది, ఒకే రోజు రెండు మూడు ఓడలుంటే క్యూ బాగా పెరుగుతుంది, ఓపిక పట్టాలి. బయల్దేరగానే ఓడ లయన్స్ గేట్ వంతెన కింద నుంచి వెళ్తుంది. దాని కింద ఖాళీ సుమారు 60 మీటర్లే కాబట్టి మరీ పెద్ద ఓడలు అక్కడ పట్టవు. ఆటలూ షోలూ ఉన్న కొత్త భారీ ఓడే కావాలి, పిల్లలకి అదే సరదా అంటే సియాటిల్ వైపు చూడండి. సియాటిల్‌కి ఫ్లైట్లూ ఎక్కువ, చాలాసార్లు చవక కూడా. అక్కడ పియర్ 66, పియర్ 91 అని రెండు టెర్మినల్స్ ఉన్నాయి, ఒకదానికొకటి దూరం, టాక్సీ ఎక్కేముందు టికెట్ మీద ఏది రాసుందో చూసుకోండి.

ఇక విట్టియర్, సీవర్డ్. ఇవి ఒకవైపు ప్రయాణాలు, వాంకూవర్‌లో ఎక్కి అక్కడ దిగడమో, అక్కడెక్కి వాంకూవర్‌లో దిగడమో. ఫ్లైటు ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ వెనక్కి అదే దారిన రావక్కర్లేదు కాబట్టి ఓడ ఇంకా ఉత్తరానికి వెళ్తుంది, దాదాపు 10 కిలోమీటర్ల వెడల్పున సముద్రంలోకి దిగే హబ్బర్డ్ హిమనదో, రోజుకి రెండే పెద్ద ఓడల్ని అనుమతించే గ్లేసియర్ బేనో చాలా ట్రిప్పుల్లో ఉంటుంది. దిగాక 6,190 మీటర్ల డెనాలి శిఖరం వైపు రైల్లో వెళ్లొచ్చు. విట్టియర్ నుంచి ఆంకరేజ్ సుమారు 100 కిలోమీటర్లు, మధ్యలో నాలుగు కిలోమీటర్ల సొరంగం. ఒకే వరుస దారి, అందులోనే రైలూ కార్లూ వంతులవారీగా వెళ్తాయి, కాబట్టి ఓడ దిగిన వెంటనే ఉన్న ఫ్లైటు బుక్ చేసుకోవద్దు. సీవర్డ్ నుంచైతే దూరం 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్తుంటే అలాస్కాలో మొదలుపెట్టి దక్షిణానికి రండి. రైళ్లూ బస్సులూ తిరిగే అలసట ముందే అయిపోతుంది, ఓడెక్కాక సామాను విప్పి హాయిగా కూర్చోవచ్చు.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా మనవాళ్లకి ఒక మాట. అక్కడి ఓడలు ఎక్కువగా పదిరోజుల ప్రయాణాలు, ఫ్లైటు ఎక్కే పని లేదు, సామాను కూడా ఇంటి నుంచి నేరుగా రేవుకే. కాకపోతే పోనూ రానూ రోజుల తరబడి బయటి సముద్రమే, దానికి సిద్ధపడాలి, కెనడా వీసా నియమం ఇక్కడా అదే.

ఎక్కడ ఎక్కినా ఒక రోజు ముందే ఆ ఊరు చేరుకోండి. ఫ్లైటు ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు. తర్వాతి ఊళ్లో అందుకుందాం అనుకుంటే, అలాస్కాలో చాలా ఓడలు ఆగే జూనోకి బయటి ఊళ్ల నుంచి రోడ్డే లేదు, విమానంలోనో పడవలోనో వెళ్లాల్సిందే.